జడ్జి సీట్లో గోదారోళ్లు.. 'పాడుతా తీయగా', 'తెలుగు ఇండియన్ ఐడల్'లో మారింది పేర్లేనా?

టీవీ పాటల పోటీల్లో సీజన్ సీజన్‌కీ కంటెస్టెంట్లు మారడం మామూలే. మరి జడ్జి సీట్లో మనిషి మారితే? షో పేరు అదే, స్టేజీ అదే.. కానీ పాటను చూసే చూపు మారిపోతుంది. తెలుగులో రెండు పెద్ద పాటల షోల్లో ఈ మధ్య అదే జరిగింది. విశేషం ఏంటంటే, అలా కొత్తగా వచ్చినవాళ్లలో ఇద్దరూ గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లే. ఒకరు కొవ్వూరులో పుట్టిన కీరవాణి, ఇంకొకరు పాలకొల్లులో పుట్టిన గీతా మాధురి.

బాలు చేసిన పని నలుగురికి

'పాడుతా తీయగా' 1996లో ఈటీవీలో మొదలైంది. షో నడిపేది, తప్పులు దిద్దేది, పాట వెనక కథ చెప్పేది అంతా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యమే. సంగీత ప్రముఖులు అతిథి జడ్జిలుగా వచ్చి వెళ్లేవారు. శ్రుతి ఎక్కడ తప్పిందో, ఏ అక్షరం సరిగా పలకలేదో బాలు స్వయంగా పాడి చూపించేవారు. దాంతో ఓడిపోయినవాళ్లకి కూడా ఎందుకు ఓడిపోయారో అర్థమయ్యేది. ఉష, మల్లికార్జున్ లాంటి సింగర్స్ ఈ స్టేజీ మీద నుంచి వచ్చినవాళ్లే.

2020 సెప్టెంబర్ 25న బాలు కన్నుమూశారు. 2021 చివర్లో షో మళ్లీ మొదలైనప్పుడు ఆయన చేసిన పనిని పంచాల్సి వచ్చింది. కొడుకు ఎస్పీ చరణ్ హోస్ట్ అయ్యారు. జడ్జిలుగా గేయ రచయిత చంద్రబోస్, సింగర్స్ సునీత, విజయ్ ప్రకాశ్ వచ్చారు.

కీరవాణి రాకతో ఏం మారింది?

2025 సిల్వర్ జూబ్లీ సిరీస్‌లో ప్యానెల్ మరోసారి మారింది. చంద్రబోస్, సునీతతో పాటు ఎంఎం కీరవాణి కూర్చున్నారు. 'నాటు నాటు'కి 2023లో ఆస్కార్ అందుకున్న సంగీత దర్శకుడు, గేయ రచయిత.. ఇద్దరూ ఒకే ప్యానెల్‌లో అన్నమాట. రాజమండ్రి నుంచి గోదావరి వంతెన దాటితే వచ్చేదే కీరవాణి పుట్టిన కొవ్వూరు. అప్పట్లో అది పశ్చిమ గోదావరి, 2022 జిల్లాల పునర్విభజన తర్వాత తూర్పు గోదావరిలోకి వచ్చింది.

అంతకుముందు మూడు సీట్లలో రెండు సింగర్స్‌వి. ఇప్పుడు ఒక కంపోజర్, ఒక రచయిత, ఒక సింగర్. సింగర్ సాధారణంగా గొంతు, శ్వాస, గమకాలు గమనిస్తారు. రచయిత చెవి ఉచ్చారణ మీద, భావం మీద ఉంటుంది. 'శ', 'ష', 'స' తేడా పోయినా, ఒత్తు జారినా అక్కడ దొరికిపోవాల్సిందే. కంపోజర్ చూసేది ట్యూన్‌ని ఉన్నదున్నట్టు పట్టారా, సొంత సంగతులు వేసి చెడగొట్టారా అని. అంటే అదే పాటకి, అదే గొంతుకి ప్యానెల్‌ని బట్టి మార్కులు మారొచ్చు.

ఇండియన్ ఐడల్‌లో ఇంకో తరహా

ఆహాలో 2022లో వచ్చిన 'తెలుగు ఇండియన్ ఐడల్' మొదటి సీజన్‌కి తమన్, కార్తీక్, నిత్యా మేనన్ జడ్జిలు. 2023లో రెండో సీజన్‌కి నిత్య ప్లేస్‌లో గీతా మాధురి వచ్చారు. పాటలు కూడా పాడే హీరోయిన్ సీట్లోకి ఫుల్ టైమ్ ప్లేబ్యాక్ సింగర్ వచ్చారన్నమాట. మూడో సీజన్‌లోనూ ఈ ముగ్గురే కొనసాగారు. అయితే ఇక్కడ ప్రేక్షకుల ఓటు కూడా ఉంటుంది. కాబట్టి జడ్జి మాట ఒక్కటే ఫలితం తేల్చేయదు. జడ్జిల మార్కులే ఆధారమైన షోలో మాత్రం సీటు మార్పు బరువు ఇంకా ఎక్కువ.

అసలు లెక్క మార్కులది కాదు

కంటెస్టెంట్‌కి జడ్జి అంటే మార్కులేసే మనిషి మాత్రమే కాదు, రేపు అవకాశం ఇచ్చే మనిషి కూడా. బాలు కథే దానికి సాక్ష్యం. 1960ల్లో మద్రాసులో జరిగిన పాటల పోటీలో ఆయన గొంతు విన్న జడ్జిల్లో ఒకరు ఎస్పీ కోదండపాణి. తర్వాత 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో బాలుకి మొదటి సినిమా పాట ఇచ్చింది ఆయనే.

ఇందులోనే చిక్కు కూడా ఉంది. అవకాశం ఇవ్వగలిగే మనిషిని "నాకెందుకు తక్కువ వేశారు?" అని అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? 2025 ఏప్రిల్‌లో 'పాడుతా తీయగా' నుంచి ఎలిమినేట్ అయిన ఒక యువ గాయని జడ్జిల తీరుపై పక్షపాతం ఆరోపణలు చేశారు. సునీత వీడియో ద్వారా ఆ ఆరోపణలను ఖండించారు. ఎవరి మాట నిజమన్నది పక్కన పెడితే, ఆ రోజుల్లో సోషల్ మీడియాలో చర్చ అంతా నమ్మకం చుట్టూనే తిరిగింది.

ఆడిషన్‌కి వెళ్లేవాళ్లు ఏం చూసుకోవాలి?

రాజమండ్రి, భీమవరం, అమలాపురం నుంచి హైదరాబాద్ ఆడిషన్‌కి బస్సెక్కే పిల్లలకి ఇందులో పనికొచ్చే విషయాలు మూడున్నాయి. ప్యానెల్‌లో ఎవరున్నారో ముందే తెలుసుకోవాలి. రచయిత ఉంటే సాహిత్యం అర్థం తెలియని పాట ఎంచుకోకూడదు. కంపోజర్ ఉంటే ఒరిజినల్‌ని పదిసార్లు విని వెళ్లాలి. ఇక ఇంట్లో చూసేవాళ్లు గమనించాల్సింది ఒక్కటే. జడ్జి "బాగుంది", "బాలేదు" అని వదిలేస్తున్నారా, ఎక్కడ బాలేదో చెబుతున్నారా? బాలు అలవాటు చేసింది ఆ రెండోదే.