లెక్కలకు రెండవ ప్రతి

మన సభ్యులలో సేద్యపు లెక్కలను, ఇంటి లెక్కలను సెల్‌ఫోనునందో కంప్యూటరునందో వ్రాసికొనువారు నానాఁటికి హెచ్చుచున్నారు. సంతోషమే. కాని యా లెక్కలకు మఱియొక ప్రతిని ఎన్ని దినముల కొకసారి తీయవలెనో యోచించినవారు కొలఁదిమంది మాత్రమే.

2022 జూనులో కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక సహకార సంఘముల లెక్కలను కంప్యూటరుల కెక్కించుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. సంఘపు లెక్క కట్టి కాపుదల యేర్పడుచుండ, రైతు సొంత లెక్కకు రైతే కావలి.

మా యనుభవమునే చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట కార్తికమాసమున రెండవసారి పత్తి యేరుచుండఁగా మా ఫోను కుంటలోఁ బడెను. ఎవ రెన్ని కిలో లేరిరో పదునెనిమిది దినముల కూలిలెక్క దానితోడనే పోయెను. పత్తి యమ్మిన లెక్కను తక్‌పట్టీలు చూచి మరల వ్రాసితిమి. కూలికి చీటి యెక్కడిది? ఒక ముసలమ్మ మాత్రము తన కిలోలను గోడపై బొగ్గుతో గీచికొని యుండెను. తక్కినవారికి వారి మాట ననుసరించియే చెల్లించితిమి. అయినను ఇరువురు తమకు తక్కువ వచ్చినదని నేఁటికిని మాతో సరిగా మాటాడరు.

కావున ఎన్ని దినముల లెక్కను మరల జ్ఞప్తికి దెచ్చికొని వ్రాయఁగలరో, అంతకు మించిన యెడము కూడదు. పత్తి యేరునప్పుడును, వడ్లు కాంటా వేయించునప్పుడును ప్రతి సాయంకాలము తీయవలెను. నాట్లు ముగిసిన పిమ్మట వారమున కొకసారి చాలును. ఎండకాలమున ఏమియు వ్రాయని నెలలో ప్రతి తీయకున్నను నష్టము లేదు. ఫోను బాగుచేయింప నిచ్చునప్పుడుమాత్రము తప్పక ముందే తీయవలెను.

అదే ఫోనులో దాఁచినది ప్రతి కాదు. పెన్‌డ్రైవును పని కాఁగానే కంప్యూటరునుండి విడదీయవలెను. పిడుగు పడినచో రెండును చెడవచ్చును. 2022 జూలైలో గోదావరి వరదనీరు మంచిర్యాల యిండ్లలోనికే వచ్చినది. అట్టివేళ ఒక్క బీరువాలోని రెండు ప్రతులును తడియును. కావున ఒకటి వేఱొక యూరి చుట్టముల యింటనో, గూగుల్ డ్రైవునందో యుండవలెను. క్రొత్త ప్రతి తీసినంతనే పాతదానిని చెరిపివేయరాదు. నేఁడు తప్పు వ్రాసినచో ఆ తప్పే క్రొత్త ప్రతికిని ఎక్కును. అప్పుడు పోయిన నెల ప్రతియే దిక్కు.

తీసిన ప్రతి తెఱచుకొనునో లేదో మూఁడు నెలల కొకసారి వేఱొక ఫోనులో చూడుఁడు. మేము మొదట చూచినప్పుడు అందు పేరులు తప్ప అంకె లొక్కటియు లేవు.