ఉద్యోగ సంఘంలో చేరితే లాభమేంటి? చందా కట్టే ముందు ఇవి తెలుసుకోండి

కొత్తగా ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. మొదటి జీతం పడి వారం కూడా కాలేదు. ఆఫీసులో సీనియర్ ఒకరు రసీదు పుస్తకం పట్టుకుని మీ సీటు దగ్గరికి వచ్చారు. 'తమ్ముడూ, మన సంఘంలో సభ్యత్వం తీసుకో' అన్నారు.

మీకు వెంటనే వచ్చే సందేహం ఒకటే. పీఆర్సీ వచ్చినా, డీఏ పెరిగినా సభ్యులకూ, కానివాళ్లకూ ఒకేలా వర్తిస్తుంది. మరి చందా ఎందుకు కట్టాలి? సంఘం మీకు నిజంగా ఏం చేయగలదు, ఏం చేయలేదు?

చేరే హక్కు ఉందా?

ఉంది. రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం పౌరులందరికీ సంఘాలు పెట్టుకునే హక్కు ఇచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులూ అందులో భాగమే. పోలీసులు, సాయుధ బలగాల విషయంలో మాత్రం చట్టం ప్రత్యేక పరిమితులు పెట్టింది.

సంఘం పెట్టుకోవడం వేరు, దానికి ప్రభుత్వ గుర్తింపు దక్కడం వేరు. మీ సభ్యత్వం విలువ తెలిసేది ఈ గుర్తింపు దగ్గరే.

ఒక్క సంతకం ఎందుకు ముఖ్యం?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1993 నాటి సర్వీస్ అసోసియేషన్ల గుర్తింపు నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం ఒక కేటగిరీలోని మొత్తం ఉద్యోగుల్లో కనీసం 35 శాతం మంది సభ్యులుగా ఉన్న సంఘానికే గుర్తింపు వస్తుంది. 35 శాతం దాటిన సంఘం ఒక్కటే ఉంటే, రెండో స్థానంలో ఉన్న సంఘానికి కూడా అవకాశం ఉంటుంది. అయితే దానికి కనీసం 15 శాతం సభ్యత్వం ఉండాలి.

ఈ లెక్క ఎలా తేలుస్తారు? సంఘం చెప్పిన అంకెను నమ్మి కాదు. ఫలానా సంఘానికి నా జీతం నుంచి చందా మినహాయించండి అని ఉద్యోగి రాతపూర్వకంగా ఇస్తే, ఆ మినహాయింపులను బట్టి సభ్యులను లెక్కిస్తారు. దీన్నే చెక్-ఆఫ్ పద్ధతి అంటారు.

వెయ్యి మంది ఉన్న కేటగిరీలో 350 సంతకాలుంటే ఆ సంఘం గుర్తింపు అడగవచ్చు. 349 దగ్గర ఆగిపోతే 35 శాతం లేనట్టే. అంటే మీ చందాకు దక్కే మొదటి ప్రతిఫలం క్యాలెండరో, డైరీనో కాదు. చర్చలకు వెళ్లేవాళ్ల వెనక ఎంతమంది ఉన్నారన్న లెక్కలో మీరూ ఒకరవుతారు.

చర్చల్లో ఏం తేలుతుంది?

కేంద్రంలో 1966 నుంచి జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ ఉంది. జాతీయ స్థాయి కౌన్సిల్‌కు కేబినెట్ కార్యదర్శి అధ్యక్షత వహిస్తారు. ఉద్యోగుల పక్షాన సంఘాల ప్రతినిధులు కూర్చుంటారు. జీతభత్యాలు, వారపు పనిగంటలు, సెలవుల వంటి అంశాలపై ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తిత్వానికి వెళ్లే వీలుంది. రాష్ట్రాల్లో జాయింట్ స్టాఫ్ కౌన్సిళ్లు ఇలాంటి పనే చేస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జరిగింది చూడండి. అప్పటికి ఉద్యోగులు 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నారు. ప్రభుత్వం 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించింది. ఇంటి అద్దె భత్యం శ్లాబులూ తగ్గాయి. సంఘాలు పీఆర్సీ సాధన సమితిగా ఏర్పడ్డాయి. ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ'కు ఉద్యోగులు భారీగా తరలివచ్చారు. రెండు రోజుల తర్వాత మంత్రుల కమిటీతో చర్చల్లో ఒప్పందం కుదిరి, సమ్మె ఆగింది.

అద్దె భత్యం శ్లాబులను సవరించారు. మధ్యంతర భృతి రికవరీ ఆలోచన విరమించారు. వేతన సవరణను పదేళ్లకు మార్చకుండా అయిదేళ్లకోసారే కొనసాగించేందుకు ఒప్పుకొన్నారు. ఫిట్‌మెంట్ మాత్రం 23 శాతం దగ్గరే ఉండిపోయింది. దాంతో ఉపాధ్యాయ సంఘాలు ఒప్పందాన్ని బహిరంగంగానే వ్యతిరేకించాయి.

సంఘం ఉంటే అడిగినదంతా వస్తుందని కాదు. అయితే అడిగేవాళ్లే లేకపోతే, జనవరిలో వచ్చిన ఉత్తర్వులే యథాతథంగా అమలయ్యేవి.

రోజువారీ ఉపయోగం

పెద్ద ఉద్యమాలు ఎప్పుడో ఒకసారి వస్తాయి. ఆఫీసులో చిక్కులు మాత్రం రోజూ ఉంటాయి. ఇంక్రిమెంట్ పడలేదు. సర్వీసు రిజిస్టర్‌లో సెలవు తప్పుగా నమోదైంది. పదోన్నతి తర్వాత వేతన స్థిరీకరణలో ఏ ఆప్షన్ ఇవ్వాలో తెలియదు. ఏ జీవో ఏం చెబుతోంది, అర్జీ ఎవరికి పెట్టాలి అన్నది అనుభవం ఉన్న సంఘ నాయకుడు పది నిమిషాల్లో చెప్పగలడు. సొంతూరికి దూరంగా పోస్టింగ్ వచ్చినవాళ్లకు ఈ పరిచయాలు మరీ అక్కరకొస్తాయి.

సంఘం చేయలేనివి

- వ్యక్తిగత కేసులు: గుర్తింపు పొందిన సంఘం ఒక్కో ఉద్యోగి వ్యక్తిగత సర్వీసు వ్యవహారాన్ని భుజాన వేసుకోకూడదని కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. దారి చూపడం వేరు, అధికారికంగా మీ తరఫున వాదించడం వేరు. 'చేరితే కోరుకున్న చోటికి బదిలీ' అని ఎవరైనా అంటే నమ్మి డబ్బు కట్టకండి.
- సమ్మెకు రక్షణ: తమిళనాడులో 2003లో సమ్మె చేసిన ప్రభుత్వ ఉద్యోగులను లక్షకు పైగా తొలగించారు. ఆ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదని స్పష్టం చేసింది. సంఘం పిలుపు ఇచ్చినా జీతం కోత, క్రమశిక్షణ చర్యలు ఎదుర్కోవాల్సింది మీరే.
- రాజకీయాలు: రాజకీయ నిధి నిర్వహించడానికి గుర్తింపు సంఘాలకు వీల్లేదు.

చందా కట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు

- ఈ సంఘానికి ప్రస్తుతం ప్రభుత్వ గుర్తింపు ఉందా? మీ కేటగిరీ తరఫున చర్చలకు పిలుస్తారా?
- చందా ఏడాదికి ఎంత? రసీదు ఇస్తారా, జీతంలో మినహాయిస్తారా?
- జమాఖర్చులను ఆడిట్ చేయించి సభ్యుల ముందు పెడుతున్నారా?
- చివరిసారి ఎన్నికలు ఎప్పుడు జరిగాయి? కొత్తవాళ్లు పోటీ చేయవచ్చా?
- మానేయాలనుకుంటే చందా మినహాయింపు ఎలా ఆపాలి?

వీటికి సూటిగా జవాబు రాకపోతే, ఇంకో సంఘం గురించి వాకబు చేయండి. తొందరేమీ లేదు.

చందా కట్టకపోయినా పీఆర్సీ వస్తుంది, నిజమే. కానీ ఏ ఒప్పందంపై సంతకం పెట్టాలి, దేనికి ఒప్పుకోకూడదు అన్న మాట సంఘం సమావేశంలో తేలుతుంది. అక్కడ లేచి మాట్లాడే హక్కు సభ్యులదే. నాయకత్వం నచ్చకపోతే ఓటు వేసి మార్చే హక్కు కూడా వాళ్లదే. ఈసారి రసీదు పుస్తకం మీ సీటు దగ్గరికి వస్తే, ముందు పై అయిదు ప్రశ్నలూ అడగండి. ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి.