చివరి బెర్తు మీద తాళం

సంక్రాంతి వెళ్లాక హైదరాబాదు తిరిగెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక్క బెర్తే మిగిలిందనుకోండి. ఏలూరు కౌంటర్లో ఒకరు, తాడేపల్లిగూడెం కౌంటర్లో ఇంకొకరు ఒకే క్షణంలో దాన్నే అడిగారు. చూడబోతే ఇద్దరికీ ఖాళీగానే కనిపిస్తుంది. ఇద్దరికీ టికెట్టు వస్తే ఆ రాత్రి బండిలో తగాదా తప్పదు. అది జరగకుండా కాసేదే రికార్డు లాకు. బెర్తు వివరాలున్న రికార్డును ముందు పట్టుకున్న ప్రోగ్రాముకే అందులో రాసే హక్కు. రెండోది ఆగాలి.

మన దేశంలో కంప్యూటరు రిజర్వేషను 1985లో ఢిల్లీలో మొదలైంది. సీఎంసీ సంస్థ రాసిన ఆ ప్రోగ్రాము పేరు ఇంప్రెస్. అప్పట్లో ఏ నగరం లెక్క దానిదే. వాటిని కలపడానికి రైల్వే వారి క్రిస్ సంస్థ తయారుచేసిన కన్సర్ట్ ప్రోగ్రాము మొట్టమొదట పనిలోకి దిగింది మన సికింద్రాబాదులోనే, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ ఒక్కటయ్యాయి. పోటీపడే చేతులు ఎన్నో రెట్లు పెరిగాయి, లాకు మీద భారమూ పెరిగింది.

ఈ లాకుల విద్యకు పునాది 1976లో పడింది. ఐబీఎం పరిశోధకులు ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రైగర్ ఆ ఏడాది అచ్చువేసిన వ్యాసంలో ఒక నియమం చెప్పారు: ఒక్క లాకు వదిలిన తర్వాత ఇక కొత్తది పట్టకూడదు. అలా నడుచుకుంటే ఎంతమంది ఒకేసారి పనిచేసినా, ఒకరి తర్వాత ఒకరు చేసిన ఫలితమే వస్తుంది. వారిలో జిమ్ గ్రేకు 1998 ట్యూరింగ్ పురస్కారం వచ్చింది.

రిజర్వేషనుకు రైల్వే ఎంచుకున్న డిజిటల్ కంపెనీ యంత్రాల్లో వీఎంఎస్ అనే నిర్వహణ వ్యవస్థ ఉండేది. దాని లాకుల్లో ఆరు రకాలు: చదవడానికి వేరు, రాయడానికి వేరు, ఎవరినీ రానివ్వకపోవడానికి వేరు. రెండు ప్రోగ్రాములు ఒకదాని చేతిలోది ఇంకొకటి కోరుతూ బిగుసుకుపోతే కూడా అది కనిపెడుతుంది. మామూలు అమరికలో ఏ కోరికైనా పది సెకన్లు నిలిచిపోతే, ఎవరు ఎవరికోసం ఆగారో వెతుకుతుంది. చిక్కుముడి దొరికితే ఒక కోరికను తిరస్కరించి, ఆ ప్రోగ్రాముకు లోపం సంకేతం పంపుతుంది. ఆ సంకేతాన్ని జబ్బుగా చూడటం పొరపాటు, అది మందు. అందిన ప్రోగ్రాము పట్టినవన్నీ వదిలేసి మొదటినుంచి మళ్లీ ప్రయత్నించాలి.

చిన్న ఊళ్ల వ్యాపార ప్రోగ్రాములు దెబ్బతినేది ఇలాంటి సంకేతాల దగ్గరే. కొల్లేరు చుట్టూ కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువులకు మేత అప్పుమీద వెళుతుంది, పట్టుబడి అయ్యాక డబ్బు జమవుతుంది. అలాంటి మేత కొట్టులో పాత ఫాక్స్‌ప్రో ప్రోగ్రాము ఉందనుకుందాం. గుమస్తా ఒక రైతు ఖాతా తెరవగానే లాకు పడింది. ఆయన టీకి వెళ్లాడు. పక్క కంప్యూటరులో యజమాని జమ రాయబోతే 109వ నంబరు లోపం: రికార్డు మరొకరి వాడకంలో ఉందని. కాలువ లాకులో పడవ కట్టేసి బజారుకు వెళ్లినట్టుంది ఇది. అదే కోబాల్లో అయితే 51 అనే స్థితి సంకేతం వస్తుంది, క్లిప్పర్లో ఆర్‌లాక్ పిలుపు 'కాదు' అని జవాబిస్తుంది. ఆ జవాబును పట్టించుకోకుండా రాయడం దాటేసి ముందుకు సాగే ప్రోగ్రామే అన్నిటికన్నా ప్రమాదకరం. జమ ఎక్కదు, ఎక్కలేదని ఎవరికీ తెలియదు.

మనిషి ఆలోచించేంత సేపు లాకు పట్టి ఉంచకూడదు. ఖాతాను లాకు లేకుండా చదివి చూపించాలి. భద్రపరచమన్నప్పుడు మాత్రమే లాకు వేసి, రికార్డును మళ్లీ చదివి, మొదట చదివిన నిల్వతో పోల్చాలి. తేడా లేకపోతే రాసి వెంటనే వదలాలి. తేడా ఉంటే కొత్త నిల్వ చూపించి మళ్లీ అడగాలి, మీదెక్కించి రాయకూడదు. లాకు దొరకకపోతే కొన్నిసార్లే ప్రయత్నించాలి, ప్రతిసారీ ఆగే వ్యవధి కొంచెం మార్చాలి. అప్పటికీ కాకపోతే, తెలిస్తే ఎవరి దగ్గరుందో పేరుతో సహా తెర మీద చెప్పాలి.

కరెంటు పోవడం ఇంకో తంటా. నిర్వహణ వ్యవస్థ వేసిన లాకు, పట్టుకున్న ప్రోగ్రాము పోయిందని తెలియగానే పోతుంది. కానీ కొందరు పాత ప్రోగ్రామర్లు లాకు గుర్తును రికార్డులోనే ఒక అక్షరంగా రాసేవారు. కరెంటు వచ్చాక కూడా ఆ అక్షరం అక్కడే ఉంటుంది, ఖాతా ఎవరికీ తెరుచుకోదు. గుర్తు పక్కనే పేరు, సమయం కూడా రాసి ఉంటే, పట్టినవాళ్లు నిజంగా లేరని చూసుకుని తుడిచేయవచ్చు.

లాకు తుడిచినంత మాత్రాన సగంలో ఆగిన పని సరికాదు. మేత నిల్వ తగ్గి, రైతు ఖాతాలో అప్పు ఎక్కకుండా కరెంటు పోతే, రెంటినీ మునుపటి స్థితికి తేవాలి. విజువల్ ఫాక్స్‌ప్రో 3.0 అలా వెనక్కి తెచ్చే సదుపాయం 1995లో తెచ్చింది. అయితే అప్పుడది డేటాబేసులో చేర్చిన పట్టికలకే వర్తించేది, పాత విడి డీబీఎఫ్ ఫైళ్లు బయటే ఉండిపోయేవి. అందుకే అలాంటి ప్రోగ్రామును బాగుచేసేవారు లాకుల జోలికి వెళ్లేముందు ఆ ఫైళ్లను డేటాబేసులో చేర్చుకోవాలి.