కాగు కింది మంట

గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలున్న మెట్ట నేల సముద్రమట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తున ఉంది. పక్కనున్న హార్సిలీ హిల్స్ అయితే 1,265 మీటర్లు. కోస్తాలో ఫ్యాన్లు తిరుగుతున్న డిసెంబరు రాత్రుల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగే రోజులుంటాయి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగులకు శానిటోరియం పెట్టింది ఈ పొడి గాలిని, చల్లదనాన్ని చూసే. ఊపిరితిత్తులకు మేలని పేరుపడ్డ ఆ గాలిని చలికాలం వచ్చేసరికి ఇళ్లలో మనమే చెడగొట్టుకుంటున్నాం. పెరట్లో కాగు కింద కట్టెలు, స్నానాల గదిలో నడుమ పొగగొట్టమున్న రాగి బాయిలరు, బాలింతో ముసలివాళ్లో పడుకున్న గదిలో నిప్పుల కుంపటి. వీటి భద్రత గురించి మాట వచ్చినప్పుడల్లా ఏ పొయ్యి కొనాలన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. పొయ్యి ఏదైనా సరే, అందులో పెట్టే కట్టె, దానికి తగిలే గాలి, పొగ పోయే దారి ఎలా ఉన్నాయో రోజూ చూసుకోవడంలోనే భద్రత చాలామటుకు ఉందన్నది ఈ వ్యాసం వాదన.

ఇంటింటికీ గ్యాస్ వచ్చాక ఇంకా కట్టెల మాటెందుకు అని అడిగేవాళ్లుంటారు. లెక్క వేసి చూద్దాం. నలుగురున్న ఇంట్లో మనిషికి 25 లీటర్ల చొప్పున 100 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 3 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. గ్యాస్ పొయ్యి మీద కాస్తే, వృథా పోయేది కూడా కలుపుకుని, రోజుకు సుమారు 400 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. అంటే 14.2 కిలోల సిలిండరు ఒక్క స్నానాలకే నెల దాటగానే ఖాళీ. అదే కాగు కింద అయితే నాలుగైదు కిలోల ఎండు కట్టెతో పని జరుగుతుంది. మామిడి తోటలో కత్తిరించిన కొమ్మలు, మల్బరీ పుల్లలు, కందికట్టె ఉన్న ఇంట్లో ఆ నాలుగైదు కిలోలకు పైసా ఖర్చు లేదు. వంట గ్యాస్‌కు మారిన ఇళ్లలోనూ నీళ్ల పొయ్యి ఇంకా కట్టెల మీదే నడవడానికి కారణం ఇదే. దాన్ని మొండితనమనో అజ్ఞానమనో కొట్టిపారేయడం సులువు, కానీ న్యాయం కాదు. సోలార్ హీటరు పెట్టుకోగలిగితే మంచిదే. పెట్టుకోలేని ఇంట్లో మంట తప్పదు గనుక, ఆ మంటను సరిగా నడపడం ఎలాగన్నది తెలియాలి.

కట్టె నేరుగా మండదు. ముందు దానిలోని నీరు ఆవిరి కావాలి. తర్వాత 200 డిగ్రీలు దాటినప్పటి నుంచి కట్టె విచ్ఛిన్నమై వాయువులు వదులుతుంది. మనకు కనిపించే మంట ఆ వాయువులదే. ఎండిన కట్టె బరువులో నాలుగింట మూడు వంతుల దాకా ఇలా వాయు రూపంలోనే బయటికొస్తుంది. చివరికి మిగిలేది బొగ్గు. ఆ వాయువులు పూర్తిగా మండాలంటే సుమారు 600 డిగ్రీల వేడి, సరిపడా గాలి ఉండాలి. ఈ రెంటిలో ఏది తగ్గినా అవి మండకుండానే పైకి లేస్తాయి. పొగ అంటే అదే, కాలకుండా పోయిన ఇంధనం. అందులో తారు తుంపరలు, బెంజీను, కార్బన్ మోనాక్సైడు అన్నీ ఉంటాయి. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో సగం దాకా నీరే. ఆ నీటిని ఆవిరి చేయడానికి పోయే వేడి నిజానికి అంత పెద్ద మొత్తమేమీ కాదు, ఆ కట్టెలోని శక్తిలో ఆరేడో వంతు. అసలు నష్టం మంట చల్లబడటం. మంట 600 డిగ్రీలకు చేరకపోతే వాయువులు పొగగా మారి, కాగుకు అందాల్సిన వేడి మన కళ్లల్లోకి, గొంతులోకి పోతుంది.

ఈ ప్రాంతానికి ఇక్కడొక చిక్కుంది. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. సరిగ్గా చలి మొదలయ్యే ముందే పెరట్లోని కట్టె తడుస్తుంది. కాబట్టి చలికాలపు కట్టెను ఎండాకాలంలోనే చీల్చి, కింద రాళ్లో దుంగలో పెట్టి నేలకు తగలకుండా పేర్చి, సెప్టెంబరు ముగిసేలోపు కప్పు కిందికి చేర్చాలి. పక్కలు తెరిచే ఉండాలి, పైన మాత్రం కప్పాలి. నాలుగు వైపులా పట్ట చుట్టేస్తే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. ఎండిందో లేదో తెలియాలంటే ఒక దుంగకు గుర్తుపెట్టి వారానికోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగిపోతే ఎండినట్టే. తేమ 20 శాతం లోపున్న కట్టెను ఒకదానికొకటి కొడితే ఖంగుమంటుంది, పచ్చిది మొద్దుగా మోగుతుంది. అంటించడానికి పీవీసీ పైపు ముక్కలు, పాత చెప్పులు, రంగు వేసిన చెక్క వాడేవాళ్లున్నారు. వాటి నుంచి హైడ్రోజన్ క్లోరైడు, డయాక్సిన్లు వస్తాయి. ఎండు కొబ్బరి మట్ట చాలదా?

ఇక పొగగొట్టం సంగతి. వేడి గాలి తేలిక గనుక పైకి పోతూ, కింద నుంచి కొత్త గాలిని మంటలోకి లాగుతుంది. గొట్టం నిటారుగా, వంపులు లేకుండా, కప్పు దాటి పైకి ఉంటే ఈ లాగుడు బాగుంటుంది. పచ్చికట్టె పొగ గొట్టం గోడలకు తగిలి, గోడ 120 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నచోట జిగట తారుగా పేరుకుంటుంది. అది గట్టిపడ్డాక ఏదో ఒక రోజు పెద్ద మంట వేసినప్పుడు గొట్టంలోనే అంటుకోవచ్చు. అప్పుడు లోపలి వేడి 1,000 డిగ్రీలు దాటుతుంది. గొట్టం చుట్టూ బోదకప్పో చెక్కో ఉంటే చెప్పేదేముంది! అమెరికా అగ్నిమాపక ప్రమాణాలు ఒంటిపొర గొట్టానికీ మండే వస్తువుకూ మధ్య 18 అంగుళాల ఖాళీ అడుగుతాయి. మన రేకుల షెడ్లలో వెదురు వాసానికి ఆనించి గొట్టం దింపడం మామూలే. బాయిలరులో నీళ్లు లేకుండా మంట పెట్టకూడదు. ఆవిరి పోయే దారిని బిరడాతో బిగించకూడదు. నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. బోరు నీళ్ల వల్ల లోపల కట్టే తెల్లటి పెచ్చును ఏడాదికోసారైనా తీయించాలి, లేదంటే ఎంత కట్టె పెట్టినా నీళ్లు ఆలస్యంగానే కాగుతాయి.

ఈ చాకిరీ అంతా ఎందుకు, మంచి పొగరాని పొయ్యి పెట్టుకుంటే చాలదా అనుకోవచ్చు. ఆ ప్రయత్నం మన దగ్గరే మొదట్లో జరిగింది. 1950ల తొలినాళ్లలో హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగగొట్టమున్న పొయ్యిని రూపొందించి ప్రచారం చేశారు. తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీ నుంచి ‘ఆస్త్ర ఒలె’ వచ్చింది. 1980ల నుంచి కేంద్రం జాతీయ కార్యక్రమం కింద 3 కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు పంచింది. ఇలాంటి పొయ్యిలు ఇళ్లకు చేరాక ఏమవుతాయన్న ప్రశ్నకు ఒడిశా జవాబిచ్చింది. హన్నా, డఫ్లో, గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు అక్కడ సుమారు 2,600 కుటుంబాలను నాలుగేళ్లు గమనించారు. పొగగొట్టం పొయ్యిలు వచ్చిన మొదటి ఏడాది వంట చేసేవాళ్లు పీల్చిన పొగ తగ్గింది. తర్వాతి ఏళ్లలో ఆ తేడా మాయమైంది. పొయ్యిలను క్రమం తప్పకుండా వాడలేదు, పగిలినప్పుడు బాగుచేయలేదు, గొట్టాలు శుభ్రం చేయలేదు. ఆరోగ్యంలోనూ, కట్టె ఖర్చులోనూ మార్పు కనిపించలేదు. పొయ్యి నమూనా తప్పని దీనికి అర్థం కాదు. పోషణ లేని పొయ్యి మంచిదైనా ఒక్కటే, చెడ్డదైనా ఒక్కటే.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం మరొకటి: మా తాతలు ఇదే కుంపటి పెట్టుకుని నిండా బతకలేదా? బతికారు. కానీ వాళ్లు బతికిన ఇళ్లు వేరు. నాటు పెంకుల సందుల నుంచి, బోదకప్పు నుంచి, తలుపు కింద నుంచి గాలి వస్తూ పోతూ ఉండేది. ఇప్పుడు పైన కాంక్రీటు స్లాబు, పక్కల బిగుతుగా మూసుకునే అల్యూమినియం కిటికీలు. కుంపటి మారలేదు, గది మారింది. బొగ్గు నిప్పుల్లో అడుగున పుట్టిన కార్బన్ డయాక్సైడు పైనున్న ఎర్రటి బొగ్గుల గుండా పోతూ కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. నిప్పుల మీద నీలి మంట ఉంటే అందులో చాలా భాగం మండిపోతుంది. రాత్రంతా నిలవాలని పైన బూడిద కప్పితే ఆ మంట ఉండదు, వాయువు అలాగే గదిలోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. గర్భిణి పీలిస్తే కడుపులోని బిడ్డకు ఇంకా చేటు. పొగ కళ్లు మండించి మనిషిని బయటికి తరుముతుంది. పొగలేని నిప్పులు ఆ హెచ్చరిక కూడా ఇవ్వవు. పొగ లేదు గనుక ప్రమాదం లేదనే నమ్మకమే వీటన్నిటిలోకీ పెద్ద పొరపాటు.

అందుకే గదిలో నిప్పులున్నంతసేపు కిటికీ తెరిచి ఉంచాలి. తెరిస్తే వేడి పోదా అంటే, కొంత పోతుంది. కుంపటి ఇచ్చేదాంట్లో ఎక్కువ భాగం నిప్పుల నుంచి నేరుగా ఒంటికి తగిలే వేడి గనుక ఎదురుగా కూర్చున్నంతసేపు ఆ నష్టం పెద్దగా తెలియదు. పడుకునే ముందు కుంపటిని బయట పెట్టేయడం, బాలింత గదిని ముందుగా వెచ్చచేసి నిప్పులు తీసేశాకే తల్లినీ బిడ్డనూ పడుకోబెట్టడం ఖర్చులేని పనులు. బూడిదలో నిప్పు మరునాటికీ బతికే ఉండొచ్చు కాబట్టి దాన్ని మూతున్న ఇనుప డబ్బాలోకే ఎత్తాలి. మామూలు పొగ అలారం కార్బన్ మోనాక్సైడును పట్టదు, దానికి వేరే పరికరం అమ్ముతారు.

చలికాలం ఉదయం ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, తూలుడు ఉంటే జలుబనుకోకండి. ముందు తలుపులు తెరిచి అందరినీ బయటికి తీసుకురండి, 108కు ఫోన్ చేయండి. మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. వేలికి తగిలించే ఆక్సీమీటరు కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తాన్ని ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. అంకె 98 ఉందని ఊరుకోకుండా, రాత్రి గదిలో నిప్పులున్నాయని డాక్టరుకు మీరే చెప్పండి.