ఫోర్కు చెడిన సాంచా

మన షోలాపూర్ తూర్పు వాడల్లో సాంచా చప్పుడు తెలియని ఇల్లు లేదు. అందుకే ఒక రోగం సంగతి సాంచా మాటల్లోనే రాస్తున్నా. నేను చదివింది నాలుగో తరగతి. నాకు అట్లయితేనే తలకెక్కింది.

1996లో నా పక్క సాంచా మీద ఒక దోస్తు ఉండేవాడు. ఇద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్లం. దగ్గు, రాత్రి జ్వరం పట్టుకున్నయి. పత్తి ధూళి పీల్చేటోళ్లకు దగ్గు కొత్తా ఏంది అనుకున్నం. టీబీ అన్నరు. గోలీలు మింగిండు, తగ్గింది, మళ్లీ వచ్చింది. నోట్లో తెల్లటి పూత పూసి బువ్వ మింగలేకపోయిండు. ఆఖరికి రక్తం పరీక్షలో హెచ్.ఐ.వి. అని తేలింది. ఆరు నెలలకు పోయిండు. పదో దినం నాడు వాళ్లింట్లో చాయ ఇస్తే నేను తాగలేదు. గ్లాసుతో, ముట్టుకుంటే అది అంటుకోదని అప్పుడు తెలియదు. తెలియకపోయినా, చేసింది తప్పే.

ఇంతకీ టీబీ ఎందుకు తగ్గలేదు? సాంచాకు ఫోర్కు అని ఒక చిన్న ముల్లు ఉంటుంది కదా. పేక తెగిందంటే అది పసిగట్టి సాంచాను ఆపుతుంది. ఫోర్కు చెడితే నాడె ఇటూ అటూ కొడుతూనే ఉంటుంది, బట్టలో మాత్రం పేక పడదు. బీము బాగుంది, మోటరు బాగుంది, మనిషీ ఉన్నడు. కబురే అందలేదు.

మన రక్తంలోని తెల్ల కణాల్లో సీడీ4 అనే రకం ఒకటి ఉంది. అవి చేసే ముఖ్యమైన పని కబురు చెప్పడం. ఒక రకం కణాలకు ‘రోగాన్ని పట్టే మందు తయారుచెయ్యండి’ అని, ఇంకో రకానికి ‘చెడిన కణాన్ని చంపండి’ అని చెప్తయి. టీబీ క్రిమిని మింగే పెద్ద కణాలు వేరే ఉన్నయి. మింగుతయి గానీ, సీడీ4 నుంచి ఇంటర్ఫెరాన్ గామా అనే కబురు రాకపోతే సరిగా చంపలేవు. క్రిమి వాటి కడుపులోనే కాపురం పెడుతుంది. హెచ్.ఐ.వి. పోయి పట్టేది సరిగ్గా ఈ సీడీ4నే. లోపలికి దూరి తన రాతను ఆ కణం రాతలో కలిపేసి, దానిచేతే తన పిల్లలను చేయించుకుంటుంది. ఆ కణం చస్తుంది. అంతటితో అయిపోదు. ఒళ్లంతా ఎప్పుడూ హడావుడే. ఆ హడావుడిలో వైరస్ సోకని కణాలు కూడా అలసి చస్తయి. మంచిగున్న మనిషికి గుండుసూది తలంత రక్తంలో సీడీ4 కణాలు 500 నుంచి 1500 దాకా ఉంటయి. 200 కంటే దిగితే దాన్ని ఎయిడ్స్ అంటరు. నా దోస్తు ఆ గడప ఎప్పుడు దాటిండో ఎవరూ చూడలేదు.

అతని భార్య నాకు చెల్లె వరుస. బీడీలు చుడుతుంది. ఆమెకూ సోకింది. 2004 ఏప్రిల్ 1 నుంచి సర్కారు ఉచితంగా మందులియ్యడం మొదలుపెట్టింది కాబట్టి బతికింది. మొదలుపెట్టిననాడు ఆమె సీడీ4 లెక్క 130. మూడేండ్లకు 480 అయింది. అప్పుడు మానేసింది.

“పానం మంచిగున్నదన్నా, ఇంక గోలీలెందుకు? దవాఖానకు పోతే ఆ దినం బీడీల కూలి పోతది” అన్నది.

నాకూ నిజమే అనిపించింది. నాలుగు నెలలకు మళ్లీ జ్వరం. లెక్క 210కి పడింది. అప్పుడు దవాఖానలో ఒక నర్సమ్మ కూర్చోబెట్టి ఇద్దరికీ చెప్పింది. గోలీలు వైరస్‌ను పెరగనియ్యవు. కానీ కొన్ని సీడీ4 కణాలు నిద్రపోతుంటయి. వాటిలో దాక్కున్న వైరస్‌ను ఏ గోలీ తీసెయ్యలేదు. గోలీ ఆపితే అది కొన్ని వారాల్లోనే మళ్లీ లేస్తుంది. ఆపుతూ మింగుతూ ఉంటే ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది కూడా. చెల్లెకు అట్లనే అయింది, మందు మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు రోజుకు ఒకటే గోలీ. పరీక్షలో వైరస్ కనబడనంత తక్కువైంది. అట్లా నిలకడగా ఉంటే సంసారంలో కూడా ఇంకొకరికి అంటదని డాక్టర్లు చెప్తున్నరు. 2017 నుంచి లెక్క పడిపోయేదాకా ఆగనక్కర్లేదు, రోగం తేలిన వెంటనే మందు మొదలుపెడతరు. అదే ఏడాది వచ్చిన చట్టం ప్రకారం ఈ రోగం ఉందని పనిలో నుంచి తీసెయ్యడం, ఇల్లు ఖాళీ చేయించడం నిషేధం. అడగాలంటే 1097కు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు.

మొన్న మా గల్లీలో ఒక పిల్లగాడికి టీబీ అని తేలింది. హెచ్.ఐ.వి. పరీక్ష కూడా రాసిండ్రు. వాళ్లమ్మ చీటీ దాచిపెట్టి, పోనియ్యనని ఏడుస్తూ కూర్చుంది. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష రాస్తరని చెల్లె పోయి చెప్పింది. తన సంగతి మాత్రం చెప్పలేదు. మరునాడు బీడీల తట్ట పక్కకు పెట్టి, పిల్లగాణ్ని తనే తోలుకపోయింది.