ఈ కోటు ఎందుకు వణుకుతుంది?

కొందరు పిల్లలు రోజూ ఉదయం, సాయంత్రం ఒక లావుపాటి కోటు తొడుక్కుంటారు. స్విచ్చి వేయగానే అది గడగడా వణుకుతుంది. అప్పుడు వాళ్లు మాట్లాడితే గొంతూ వణుకుతుంది. ఎందుకలా?

మన ఊపిరి గొట్టాల్లో పల్చటి జిగురు ఉంటుంది. లోపలికొచ్చిన దుమ్మును అది పట్టేస్తే, కంటికి కనిపించని సన్నటి నూగు గొంతు వైపు నెట్టేస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుతో పుట్టినవాళ్లకు ఆ జిగురు బాగా చిక్కబడి గోడలకు అంటుకుపోతుంది. నూగు బలం చాలదు. అడుగంటిన తేనె కోసం సీసా వంచి తడతాం కదా, అలాగే పెద్దవాళ్లు అరచేయి గుంటగా చేసి ఆ పిల్లల వీపు తట్టేవారు. పాపం, చేతులు నొప్పెట్టేవి!

1980లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో వారెన్ వార్విక్, లీలండ్ హాన్సెన్ ఆ పని చేసే కోటును తయారుచేశారు. యంత్రం గాలిని సెకనుకు 5 నుంచి 20 సార్లు కోటులోకి కొడుతుంది. ఛాతీ నొక్కుకుని వదులవుతుంటే లోపలి గాలి కుదుపులకు జిగురు ఊడివస్తుంది. మధ్యమధ్య ఆగి గట్టిగా దగ్గితే సరి.

అసలు కష్టం దాన్ని హాయిగా ఉంచడమే. బిగిస్తే ఊపిరాడదు, వదులైతే కుదుపు తగలదు. పొట్టను నొక్కితే తిన్నది పైకొస్తుంది. అందుకే పిల్లల కొలతకు తగ్గ పట్టీలు కావాలి, లోపల పల్చటి నూలు బనీను వేసుకోవాలి. ఇప్పుడు బ్యాటరీ, చిన్న మోటార్లు కోటులోనే అమర్చినవీ వచ్చాయి. గోడ ప్లగ్గుతో పనిలేదు, చికిత్స జరుగుతుండగానే ఇల్లంతా తిరగొచ్చు.