క్షేత్ర ప్రయోగాలలో డేటా సేకరణ: ఇన్‌పుట్, ఔట్‌పుట్ మాడ్యూళ్ల ఎంపిక

సాగునీటి యాజమాన్య ప్రయోగాలలో ఒకప్పుడు ఉదయం, సాయంత్రం చేతితో నమోదు చేసిన కొలతలను నేడు డేటా లాగర్లు నిమిషనిమిషానికీ నమోదు చేస్తున్నాయి. నేలలోని తేమ, ఆకు ఉష్ణోగ్రత, వర్షపాతం, సౌర వికిరణం మొదలైనవి సెన్సార్ల ద్వారా విద్యుత్ సంకేతాలుగా మారి లాగర్‌ను చేరుతాయి. ఆ సంకేతాన్ని స్వీకరించి అంకెగా మార్చేది ఇన్‌పుట్ మాడ్యూల్. ఆ అంకెను అనుసరించి వాల్వును గాని, పంపును గాని నడిపేది ఔట్‌పుట్ మాడ్యూల్. సెన్సార్ల ఎంపికలో చూపే శ్రద్ధ ఈ మాడ్యూళ్ల విషయంలో తరచుగా లోపిస్తుంది. ఛానళ్ల సంఖ్య, బిట్ల సంఖ్య, ధర అనే మూడింటిని చూసి ఇండెంటు పంపడం పరిపాటి. కాని ఏ మాడ్యూలూ స్వతహాగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఏ సంకేతాన్ని కొలవాలి, ప్రయోగంలోని ఏ ప్రశ్నకు సమాధానమివ్వాలి అన్న అంశాలే దాని యోగ్యతను నిర్ణయిస్తాయి.

ఒకే మాడ్యూల్, రెండు ఫలితాలు

0 నుండి 10 వోల్టుల పరిధి గల 12 బిట్ల అనలాగ్ ఇన్‌పుట్ మాడ్యూల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇది తన పరిధిని 4,096 మెట్లుగా విభజిస్తుంది. ఒక్కొక్క మెట్టు సుమారు 2.44 మిల్లీవోల్టులు. 0–100 కిలోపాస్కల్‌ల పరిధిలో 4–20 మిల్లీఆంపియర్ల సంకేతమిచ్చే టెన్షియోమీటర్‌ను 250 ఓముల నిరోధకం ద్వారా దీనికి కలిపితే 1 నుండి 5 వోల్టులు లభిస్తాయి. అంటే కిలోపాస్కల్‌కు 40 మిల్లీవోల్టులు. ఒక మెట్టు 0.06 కిలోపాస్కల్ మాత్రమే. బిందు సేద్యం ఎప్పుడు ప్రారంభించాలో నిర్ణయించడానికి ఇది అవసరానికి మించిన సూక్ష్మత.

అదే మాడ్యూల్‌కు ఆకు అడుగున అమర్చిన టి రకం థర్మోకపుల్‌ను నేరుగా కలిపితే పరిస్థితి తలక్రిందులవుతుంది. రాగి, కాన్‌స్టాంటన్ తీగలతో చేసిన ఈ సెన్సార్ ఒక డిగ్రీ సెల్సియస్‌కు ఇచ్చేది సుమారు 40 మైక్రోవోల్టులే. అప్పుడు మాడ్యూల్ యొక్క ఒక్క మెట్టు దాదాపు 60 డిగ్రీలకు సమానం. 1981లో అమెరికాలో ఇడ్సో, జాక్సన్ ప్రభృతులు ప్రతిపాదించిన పంట బెట్ట సూచిక ఆకులకు, గాలికి మధ్య గల కొద్ది డిగ్రీల వ్యత్యాసంపైనే ఆధారపడింది. బెట్టకు గురైన పైరును, నీరందిన పైరును ఈ మాడ్యూల్ వేరుచేసి చూపలేదు.

బిట్లు పెంచినంత మాత్రాన సమస్య తీరదు. ధన, ఋణ 10 వోల్టుల పరిధి గల 16 బిట్ల మాడ్యూల్‌లో ఒక మెట్టు 0.305 మిల్లీవోల్టులు, అనగా 7.6 డిగ్రీలు. అదే 16 బిట్లను ధన, ఋణ 78 మిల్లీవోల్టుల పరిధికి కుదిస్తే మెట్టు 2.4 మైక్రోవోల్టులకు, అనగా 0.06 డిగ్రీలకు తగ్గుతుంది. కనుక ముందు పరిధిని, తరువాతనే బిట్లను పరిశీలించాలి.

సూక్ష్మతను ఖచ్చితత్వంగా భావించరాదు. థర్మోకపుల్ కొలిచేది రెండు కొసల ఉష్ణోగ్రతల వ్యత్యాసాన్ని. టెర్మినల్ వద్ద ఉష్ణోగ్రతను మాడ్యూల్ ఒక డిగ్రీ తప్పుగా గ్రహిస్తే, ఆకు ఉష్ణోగ్రతలోనూ దాదాపు అంతే దోషం చేరుతుంది. టెర్మినళ్ల పెట్టెను ఎండ సోకకుండా కాపాడడం అందుకే ఆవశ్యకం.

సంకేత స్వభావాన్ని గుర్తించడం

సంకేతాలన్నీ వోల్టేజీలు కావు. టిప్పింగ్ బకెట్ వర్షమాపకం ఒక్కొక్కసారి ఒరిగినప్పుడు స్విచ్ సుమారు పదోవంతు సెకను పాటు మూసుకుంటుంది. 0.2 మిల్లీమీటర్ల బకెట్ గంటకు 60 మిల్లీమీటర్ల వర్షంలో 12 సెకన్లకు ఒకసారి ఒరుగుతుంది. నిమిషానికొకసారి స్థితిని చూసే సాధారణ డిజిటల్ ఇన్‌పుట్ వీటిలో అత్యధిక భాగాన్ని గమనించనే గమనించదు. దీనికి పల్స్ లెక్కించే కౌంటర్ ఇన్‌పుట్ కావాలి. స్విచ్ కంపనం వలన ఒక ఒరుగుడును రెండుగా లెక్కించకుండా అందులో వడపోత కూడా ఉండాలి.

100 ఓముల ప్లాటినం సెన్సార్ నిరోధం డిగ్రీకి 0.385 ఓములు మారుతుంది. రెండు తీగలతో కలిపితే, తీగల నిరోధం ఒక ఓము ఉన్నా 2.6 డిగ్రీల దోషం వస్తుంది. మూడు లేదా నాలుగు తీగల అమరికను స్వీకరించే మాడ్యూల్ ఎంచుకోవాలి. జిప్సమ్ దిమ్మెలకు ఏకముఖ విద్యుత్తు నిరంతరం ఇస్తే ధ్రువణం ఏర్పడి కొలత చెడుతుంది. వాటికి ఏకాంతర ప్రేరణ అవసరం. తీగ దూరం ఎక్కువైనప్పుడు 4–20 మిల్లీఆంపియర్ల సంకేతం శ్రేయస్కరం. సున్న విలువకు కూడా 4 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి గనుక, తీగ తెగిన సంగతి వెంటనే తెలుస్తుంది.

క్షేత్ర పరిస్థితులు

తడి నేలలోని సెన్సార్లకు, మోటారు ఎర్తుకు మధ్య వోల్టేజి భేదం ఉంటుంది. చిన్న సంకేతాలకు డిఫరెన్షియల్ ఇన్‌పుట్, విద్యుత్ ఐసొలేషన్ అవసరం. మన విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్. అందువలన ఒక పూర్తి ఆవర్తనమైన 20 మిల్లీసెకన్ల పాటు, లేదా దాని గుణిజాలలో, సగటు తీసుకునే మాడ్యూల్ ఆ అలజడిని చాలావరకు తొలగిస్తుంది. నేల తేమ వంటి నెమ్మదిగా మారే అంశాలకు అతివేగపు మాడ్యూళ్లు అనవసరం. వేసవిలో మూసిన పెట్టె లోపలి వేడి బయటి గాలి కంటె బాగా ఎక్కువగా ఉంటుంది గనుక, 50 డిగ్రీల వరకే అనుమతించిన మాడ్యూల్ తెలంగాణ, రాయలసీమ వేసవులకు చాలదు. ఉరుములు, మెరుపుల కాలంలో సర్జ్ రక్షణ తప్పనిసరి.

ఔట్‌పుట్ మాడ్యూళ్లు

24 వోల్టుల ఏకాంతర విద్యుత్తుతో పనిచేసే సోలనాయిడ్ వాల్వుకు రిలే లేదా ట్రయాక్ ఔట్‌పుట్ సరిపోతుంది. సాధారణ ట్రాన్సిస్టర్ ఔట్‌పుట్ ఏకముఖ విద్యుత్తుకే పనికివస్తుంది. ఏకముఖ విద్యుత్తుతో నడిచే కాయిల్‌కు రక్షణగా డయోడ్ ఉంచకపోతే, ఆపిన క్షణంలో పుట్టే వోల్టేజి ఔట్‌పుట్‌ను పాడుచేస్తుంది. విద్యుత్తు పోయినా, లాగర్ స్తంభించినా వాల్వు మూసుకునే విధంగా అమరిక ఉండాలి. లేనిచో ఒక్క రాత్రిలో ఒక మడి ట్రీట్‌మెంట్ పూర్తిగా చెడిపోతుంది. వాల్వుకు ఆజ్ఞ వెళ్లినంత మాత్రాన నీరు పారినట్లు కాదు. ప్రతి ట్రీట్‌మెంట్‌కూ నీటి మీటరు పల్సులను కౌంటర్ ఇన్‌పుట్‌కు కలిపి, ఆజ్ఞతో పాటు ప్రవాహాన్ని కూడా నమోదు చేయాలి.

ఇండెంటుకు ముందు

ప్రతి సెన్సార్‌కూ సంకేత రకం, కనిష్ఠ, గరిష్ఠ విలువలు, ప్రయోగానికి అవసరమైన కనీస భేదం, తీగ పొడవు, కొలత వ్యవధి ఒక పట్టికలో వ్రాసుకోవాలి. ఆ భేదంలో కనీసం పదోవంతును గుర్తించగల పరిధి, బిట్లు ఉన్న మాడ్యూల్‌నే కొటేషన్‌లో కోరాలి. సరఫరా అయిన పిదప విత్తనానికి ముందే, తెలిసిన వోల్టేజితోను, కరుగుతున్న మంచు నీటితోను పరీక్షించాలి. విద్యార్థి పరిశోధనకు లభించే ఖరీఫ్‌లు ఒకటో రెండో మాత్రమే. మాడ్యూల్ గ్రహించని భేదాన్ని ఏ గణాంక విశ్లేషణా తరువాత వెలికితీయలేదు. ఆ దత్తాంశాలపై ఆధారపడిన సిఫారసు చివరకు చేరేది రైతు పొలానికే గనుక, ఈ పట్టికను ప్రయోగ ప్రణాళికలో అంతర్భాగంగా పరిగణించాలి.